స్టడీలో చేరతారా అని అడిగితే

పిల్లల కోసం హాస్పిటళ్ల చుట్టూ తిరిగే ఆడవాళ్లకి హైదరాబాద్‌లో తరచుగా వినపడే మాట ఒకటుంది. "మా దగ్గర ఒక స్టడీ జరుగుతోంది, చేరతారా?" అడిగేది డాక్టర్ కావచ్చు, థీసిస్ రాసుకుంటున్న పీజీ అమ్మాయి కావచ్చు, నాలాంటి కోఆర్డినేటర్ కావచ్చు. నా ఉద్యోగమే అది. పీసీఓడీ (అండాశయాల్లో చిన్న చిన్న బుడగల్లా కనపడి, నెలసరి క్రమం తప్పే సమస్య), సంతానలేమి మీద జరిగే పరిశోధనల్లో పేషెంట్లకి విషయం చెప్పి, కన్సెంట్ ఫారం చదివించి, ఒప్పుకున్నవాళ్ల స్కాన్లు, రక్త పరీక్షలు, ఫోన్ కాల్స్ అన్నీ పద్ధతిగా జరిగేలా చూస్తాను. రోజంతా టేబుల్‌కి ఇవతల కూర్చుంటాను కాబట్టి, అవతల కూర్చున్నవాళ్లు ఏం అడగకుండా వెళ్లిపోతారో నాకు బాగా తెలుసు. అవే ఇక్కడ రాస్తున్నాను.

అన్నిటికంటే ముందు తేల్చుకోవాల్సింది ఒకటుంది. "మేడమ్, ఇందులో చేరితే పక్కా నిలుస్తదా?" అని అడుగుతారు. నిలుస్తుందని ముందే తెలిస్తే స్టడీ పెట్టాల్సిన పనే లేదు, ఆ మందు అందరికీ రాసిచ్చేస్తారు. స్టడీ ఒక ప్రశ్నకి జవాబు వెతుకుతుంది. ఈ మాత్ర మంచిదా, ఆ మాత్ర మంచిదా? ఈ ఇంజెక్షన్ వల్ల లాభముందా, ఖర్చేనా? ఆ జవాబు మీ తర్వాత వచ్చేవాళ్లకి పనికొస్తుంది. మీకు కూడా మేలు జరగవచ్చు, జరగకపోవచ్చు. ఇది మనసులో పెట్టుకుని "సరే" అంటే తర్వాత బాధ ఉండదు. బిడ్డ కోసమే చేరుతున్నాను అనుకుంటే మాత్రం ఆ రోజు సంతకం పెట్టకండి, ఇంటికెళ్లి ఆలోచించుకోండి.

స్టడీనా, అమ్మకమా

కొన్నిచోట్ల "రీసెర్చ్" అనే మాటని అమ్మకానికి వాడతారు. "ఇది లేటెస్ట్, విదేశాల్లో రీసెర్చ్‌లో తేలింది, ప్యాకేజీ మీద ఇంకో 30 వేలు అవుతుంది" అంటే అది స్టడీ కాదు, అదనపు సర్వీస్. కనిపెట్టడం తేలిక. డబ్బు ఎవరు కడుతున్నారో చూడండి. కేంద్ర ప్రభుత్వ వైద్య పరిశోధన సంస్థ ఐసీఎంఆర్ 2017లో తెచ్చిన నైతిక మార్గదర్శకాల ప్రకారం, మామూలు వైద్యానికి మించి పరిశోధన కోసం చేసే పరీక్షలకీ, మందులకీ పేషెంట్ దగ్గర డబ్బు తీసుకోకూడదు. మీ ఐవీఎఫ్ (ల్యాబ్‌లో పిండం తయారుచేసి గర్భసంచిలో పెట్టే వైద్యం) ఖర్చు మీరు కట్టుకోవాల్సి రావచ్చు, అది ఎలాగూ చేయించుకునేదే. దాని మీద స్టడీ కోసం చేసే ఎక్స్‌ట్రా స్కాన్‌కి బిల్లు వేశారంటే నిలదీయండి.

"రీసెర్చ్‌లో తేలింది" అనే మాట ఎంత జాగ్రత్తగా వినాలో ఒక ఉదాహరణ చెప్తాను. ఐవీఎఫ్‌కి ముందు గర్భసంచి లోపలి పొరని సన్నటి గొట్టంతో కొద్దిగా గీకితే పిండం బాగా అతుక్కుంటుందని ఎన్నో దేశాల్లో ఏళ్ల తరబడి చేశారు. చిన్న చిన్న స్టడీల్లో ఫలితం బాగున్నట్టే కనపడింది. చివరికి న్యూజిలాండ్‌లోని ఆక్లాండ్ యూనివర్సిటీ వాళ్ల ఆధ్వర్యంలో అయిదు దేశాల్లో 1,364 మంది మీద పెద్ద ట్రయల్ జరిగింది. 2019లో ఫలితాలు వచ్చాయి. గీకినవాళ్లలో 26.1 శాతం మందికి బిడ్డ పుట్టింది. గీకనివాళ్లలోనూ సరిగ్గా 26.1 శాతమే. నొప్పి, ఖర్చు మాత్రం గీకించుకున్నవాళ్లవి. ఇప్పటికీ ఎవరైనా మీకు అది చెప్తే, ఈ అంకె గుర్తుపెట్టుకుని అడగండి.

దీనికి ఎదురు కథ లెట్రోజోల్‌ది. పీసీఓడీ ఉండి గుడ్డు విడుదల కానివాళ్లకి ఇప్పుడు ఎక్కువగా రాసేది ఈ మాత్రే. నిజానికి అది రొమ్ము క్యాన్సర్ మందు. సంతానలేమికి దాన్ని వాడటం మన దేశంలో 2011లో ఆపేశారు, 2017లో మళ్లీ అనుమతి ఇచ్చారు. మధ్యలో 2014లో అమెరికాలో జరిగిన ట్రయల్ ఫలితాలు బయటికొచ్చాయి. పీసీఓఎస్ (పీసీఓడీకే ఇంకో పేరు) ఉన్న 750 మందిలో సగం మందికి లెట్రోజోల్, సగం మందికి పాత మందు క్లోమిఫిన్. అయిదు సైకిల్స్, అంటే అయిదు నెలసరుల దాకా ఇచ్చారు. ఎవరికి ఏది పడుతోందో పేషెంట్‌కీ తెలియదు, డాక్టర్‌కీ తెలియదు. లెట్రోజోల్ వాడినవాళ్లలో 27.5 శాతం మందికి బిడ్డలు పుట్టారు, క్లోమిఫిన్ వాడినవాళ్లలో 19.1 శాతం మందికి. 2023లో వచ్చిన అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు గుడ్డు విడుదల కోసం మొదట వాడాల్సిన మందు లెట్రోజోలేనని చెప్తున్నాయి. మెడికల్ షాపులో మీరు తీసుకునే ఆ చిన్న స్ట్రిప్ వెనక ఏ మాత్ర మింగుతున్నామో తెలియకుండానే నెలల తరబడి మింగిన 750 మంది ఆడవాళ్లున్నారు. వాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి ఆ ట్రయల్‌లో బిడ్డ పుట్టలేదు.

రిజిస్ట్రీలో వెతకండి

మీకు చెప్పిన స్టడీ నిజమైనదో కాదో ఇంట్లో కూర్చుని చూసుకోవచ్చు. క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీ ఇండియా, పొట్టిగా సీటీఆర్ఐ, ఐసీఎంఆర్ నడిపే ప్రభుత్వ వెబ్‌సైట్. 2007 నుంచి ఉంది. గూగుల్లో సీటీఆర్ఐ అని కొడితే వస్తుంది. ప్రతి స్టడీకి ఒక నంబర్ ఉంటుంది. ముందు సీటీఆర్ఐ, తర్వాత సంవత్సరం, నెల, చివర ఒక అంకె. డాక్టర్‌ని, కోఆర్డినేటర్‌ని ఆ నంబర్ అడగండి. మొహమాటపడకండి, మాకు అది నోటికి వచ్చి ఉంటుంది. "తర్వాత చెప్తాం" అంటే ఫారం కూడా తర్వాతే తీసుకోండి.

నంబర్ కొడితే పొడుగాటి పేజీ తెరుచుకుంటుంది. అంతా ఇంగ్లిష్. ఇంట్లో బీటెక్ చదివే మరిదో, చెల్లెలో ఉంటే పక్కన కూర్చోబెట్టుకోండి. పేజీ మొత్తం చదవక్కర్లేదు. నేనైతే మొదట పైన రిజిస్టర్ చేసిన తేదీ చూస్తాను. 2018 ఏప్రిల్ 1 నుంచి, మొదటి పేషెంట్‌ని చేర్చుకోకముందే రిజిస్టర్ చేసి తీరాలి. అది ఎందుకంటే, అంతా అయిపోయాక బాగా వచ్చిన ఫలితాన్ని మాత్రమే "మేం వెతికింది ఇదే" అని చెప్పుకోవడానికి వీల్లేకుండా. తర్వాత డబ్బు ఎవరిదో చూడండి, స్పాన్సర్ అనే వరుసలో ఉంటుంది. మందుల కంపెనీ అయినంత మాత్రాన చెడ్డదేం కాదు, తెలిసి ఉండాలంతే. ఆ తర్వాత స్టడీ జరిగే చోట్ల జాబితా. అక్కడ మీ హాస్పిటల్ పేరు, మీ డాక్టర్ పేరు ఉండాలి. పేషెంట్లకి అన్యాయం జరగకుండా స్టడీని ముందే పరిశీలించే ఎథిక్స్ కమిటీ అనుమతి వచ్చిందో లేదో కూడా అక్కడే కనపడుతుంది. చేరడానికి అర్హతలు, అనర్హతలు చదువుకోండి. ఇంకా కిందికి వెళ్తే ముఖ్యమైన వరుస ఒకటుంది, ప్రైమరీ అవుట్‌కమ్. దాని సంగతి కాసేపట్లో చెప్తాను.

కోఠి, పేట్లబురుజు ప్రసూతి హాస్పిటళ్లలాంటి పెద్ద ప్రభుత్వ ఆసుపత్రుల్లో పీజీలు చేసే స్టడీలు చాలావరకు థీసిస్ కోసం. రిజిస్ట్రీలో ఇది పీజీ థీసిసా కాదా అనే వరుస కూడా ఉంది. వాటిలో ఎక్కువ భాగం కొత్త మందేమీ ఇవ్వరు. కొన్ని ప్రశ్నలు, బరువు, నడుము కొలత, ఒక రక్తం శాంపిల్. రిస్క్ తక్కువ. ఎథిక్స్ కమిటీ అనుమతి, మీ సంతకం మాత్రం వాటికీ కావాలి.

ఫారం ఇంటికి తీసుకెళ్లండి

కన్సెంట్ ఫారం పేజీలు పేజీలు ఉంటుంది. తెలుగులో ఇవ్వాలి, ఉర్దూ మాట్లాడేవాళ్లకి ఉర్దూలో ఇవ్వాలి. మాకు వచ్చే కొన్ని తెలుగు అనువాదాలు చదివితే నాకే అర్థం కావు. "యాదృచ్ఛికీకరణ" అని రాస్తారు. ఎవరికి తెలుస్తుంది? అలాంటి మాట కనపడితే వేలు పెట్టి చూపించి అడగండి. అర్థమయ్యే భాషలో చెప్పడం మా డ్యూటీ, మీ మీద దయ చూపించడం కాదు.

అక్కడికక్కడే సంతకం పెట్టమని తొందరపెడితే ఒప్పుకోకండి. "ఇంట్లో చదువుకుని చెప్తాం" అనడానికి మీకు హక్కుంది. ఫారం కాపీ ఒకటి మీకు ఇవ్వాలి, దాన్ని స్కాన్ రిపోర్టుల ఫైల్లోనే దాచుకోండి. చదవడం రానివాళ్లకైతే మొత్తం వివరించేటప్పుడు ఒక సాక్షి పక్కనే ఉండాలి. స్టడీతో సంబంధం లేని మనిషై ఉండాలి, సంతకం కూడా పెట్టాలి. వార్డులో కనపడిన ఆయమ్మని పిలిచి చివర్లో సంతకం పెట్టిస్తే సాక్ష్యం అవదు.

ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానంటే, తెలుగువాళ్లం మనం సంతకం సంగతి ఒకసారి చూశాం. 2009లో అప్పటి ఖమ్మం జిల్లాలో 10 నుంచి 14 ఏళ్ల ఆడపిల్లలు దాదాపు 14 వేల మందికి గర్భసంచి ముఖద్వార క్యాన్సర్ రాకుండా హెచ్‌పీవీ టీకా వేసే ప్రాజెక్ట్ ఒకటి నడిచింది. 2010 ఏప్రిల్‌లో దాన్ని ఆపేశారు. చాలా ఫారాల మీద అమ్మానాన్నల బదులు హాస్టల్ వార్డెన్లు, హెడ్‌మాస్టర్లు సంతకాలు పెట్టినట్టు తేలింది. 2013లో పార్లమెంటరీ కమిటీ రిపోర్ట్ ఆ ప్రాజెక్ట్‌ని గట్టిగా తప్పుపట్టింది. టీకా మంచిదే, మా అన్నయ్య కూతురికి నేనే దగ్గరుండి వేయించాను. తప్పు సంతకాల్లో జరిగింది. ఇప్పుడున్న నిబంధనలు, అంటే 2019 నాటి కొత్త మందుల, క్లినికల్ ట్రయల్స్ రూల్స్, కన్సెంట్ విషయంలో చాలా కఠినంగా ఉంటాయి. పూర్తిగా కొత్త మందు మీద ట్రయల్ జరుగుతూ, చేరేవాళ్లు బలహీన స్థితిలో ఉన్నవాళ్లైతే కన్సెంట్ మాటలన్నీ వీడియో తీయాలి. కెమెరా చూసి బెదరకండి. మీకు సరిగ్గా చెప్పామో లేదో రేపు తేల్చడానికే ఆ రికార్డింగ్.

నోరు తెరిచి అడగాల్సినవి

మొదటిది, "నాకు ఏ మందు వస్తుందో ఎవరు నిర్ణయిస్తారు?" చాలా ట్రయల్స్‌లో కంప్యూటర్ నిర్ణయిస్తుంది. చీటీలు తీసినట్టే. ఇందాకటి "యాదృచ్ఛికీకరణ" అంటే ఇదే. డాక్టర్ గారు తెలిసినవారైనా, ఎమ్మెల్యే గారితో ఫోన్ చేయించినా మీ చీటీ మారదు. మారిందంటే ఆ స్టడీకి విలువే లేదు. కొందరు ఇక్కడే బాధపడతారు. "నాకు ఉత్త మాత్ర (లోపల మందు లేనిది) పడితే?" ఇది చాలా న్యాయమైన ప్రశ్న. రెండో గ్రూపువాళ్లకి ఏం ఇస్తారో అడగండి. ఉత్త మాత్రా, లేక ఇప్పుడు అందరికీ ఇస్తున్న మామూలు వైద్యమా? మీ వయసు 37 అనుకోండి. ఉత్త మాత్ర మీద ఆరు నెలలు గడపడం మీకు తగునా అనేది మీ డాక్టర్‌తో విడిగా మాట్లాడాల్సిన సంగతి. ఇరవై ఆరేళ్ల అమ్మాయికి ఆరు నెలలు ఒక లెక్క, మీకు ఇంకో లెక్క. స్టడీ నడిపే డాక్టర్, మీకు వైద్యం చేసే డాక్టర్ ఒకరే అయితే ఈ ఒక్క ప్రశ్న కోసం ఇంకో గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లండి. కన్సల్టేషన్ ఫీజు దండగ కాదు.

రెండోది ప్రైమరీ అవుట్‌కమ్. ఈ స్టడీలో దేన్ని గెలుపు అంటారు? గుడ్డు విడుదలైతే చాలా? గర్భం వచ్చిందని చెప్పే రక్త పరీక్ష, బీటా హెచ్‌సీజీ, పాజిటివ్ వస్తే చాలా? స్కాన్‌లో గుండె కొట్టుకోవడం కనపడాలా? బిడ్డ చేతికి రావాలా? ఇవి నాలుగూ వేరువేరు. మనకి కావాల్సింది నాలుగోది. కానీ తొమ్మిది నెలలు ఆగడం ఖర్చు, కష్టం కాబట్టి చాలా స్టడీలు ముందు మెట్ల దగ్గరే ఆగిపోతాయి.

ఆ తేడా ఎంతుంటుందో చూడండి. 2007లో పీసీఓఎస్ ఉన్న 626 మంది మీద అమెరికాలో ఒక ట్రయల్ ఫలితాలు వచ్చాయి. ఒక గ్రూపుకి క్లోమిఫిన్, ఒక గ్రూపుకి షుగర్ మాత్ర మెట్‌ఫార్మిన్, ఒక గ్రూపుకి రెండూ. గుడ్డు విడుదల లెక్క చూస్తే, రెండూ వాడినవాళ్లు ఒక్క క్లోమిఫిన్ వాడినవాళ్ల కంటే స్పష్టంగా ముందున్నారు. బిడ్డలు పుట్టిన లెక్క చూస్తే 26.8 శాతం, 22.5 శాతం. అది నిజమైన తేడా అని చెప్పడానికి లెక్కలు ఒప్పుకోలేదు. మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడినవాళ్లలో 7.2 శాతం. గుడ్డు విడుదల దగ్గరే ఆ స్టడీ ఆపేసి ఉంటే పేపర్లలో హెడ్డింగ్ ఇంకోలా వచ్చేది. కాబట్టి వాట్సాప్‌లో "కొత్త పరిశోధన, అద్భుత ఫలితాలు" అని వచ్చినప్పుడు కూడా ఇదే ప్రశ్న వేసుకోండి. అద్భుతం దేంట్లో? రిపోర్టులోనా, ఉయ్యాలలోనా?

మూడోది, ఒంటి మీద ఏమేం చేస్తారు. ఎన్ని స్కాన్లు, అందులో లోపలి నుంచి చేసేవి ఎన్ని, రక్తం ఎంత, బయాప్సీ ఉందా, ఇంజెక్షన్ నేనే వేసుకోవాలా? పీసీఓడీ స్టడీల్లో తరచుగా గ్లూకోజ్ పరీక్ష పెడతారు. రాత్రి నుంచి ఏమీ తినకుండా వచ్చి, రక్తం ఇచ్చి, 75 గ్రాముల గ్లూకోజ్ నీళ్లు తాగి, రెండు గంటలు కూర్చుని మళ్లీ రక్తం ఇవ్వాలి. ఉప్పల్ నుంచి వచ్చేవాళ్లకే కష్టం, మహబూబ్‌నగర్ నుంచి తెల్లవారుజామున బస్సెక్కి వచ్చేవాళ్ల సంగతి చెప్పనక్కర్లేదు. ఆ రోజు టిఫిన్ బాక్స్ తెచ్చుకోండి. మా క్యాంటీన్‌లో పదకొండు దాటితే ఇడ్లీ ఉండదు.

రానుపోను ఖర్చులు చాలా స్టడీలు ఇస్తాయి. ఎంత ఇస్తారో, ఎప్పుడు ఇస్తారో ఫారంలో రాసి ఉండాలి. తెలంగాణలో ఆడవాళ్లకి ఆర్టీసీలో ప్రయాణం ఉచితమయ్యాక ఒక చిక్కు వచ్చింది. జీరో టికెట్ చూపిస్తే అకౌంట్స్ వాళ్లు "సున్నా కదా" అంటారు. మీ వెంట వచ్చిన మనిషి టికెట్, ఎంజీబీఎస్ బస్టాండ్ నుంచి ఆటో, పోయిన రోజు కూలి, ఇవి లెక్కలోకి వస్తాయా అని మొదటి రోజే అడగండి. ఆటో ఛార్జీకి రసీదు ఉండదు కాబట్టి కాగితం మీద రాసి సంతకం పెట్టిస్తే చాలా అని కూడా.

ఇంట్లోవాళ్ల సంగతి

మందుల ట్రయల్‌లో చేరేది మీరు, సంతకం మీది. అత్తమ్మ ఒప్పుకోవడం, మామయ్య ఒప్పుకోవడం చట్టం అడగదు. ఐవీఎఫ్‌లో మాత్రం భార్యాభర్తలిద్దరి రాతపూర్వక సమ్మతి కావాలి. చట్టం ఎలా ఉన్నా, ఇంట్లో తెలియకుండా ఆరు నెలలు విజిట్లకి రావడం ఎంత టెన్షనో నేను చూస్తుంటాను. భర్తకైనా చెప్పి చేరమంటాను.

ఇంకో చిన్న విషయం చెప్తాను, దీన్ని ఎవరూ చెప్పరు. మేం ఫోన్లు చేస్తాం. "మాత్ర వేసుకున్నారా, పీరియడ్ వచ్చిందా" అని అడుగుతాం. ఆ ఫోన్ ఆడపడుచు ఎత్తితే? ఏ నంబర్‌కి చేయాలి, ఏ టైమ్‌లో చేయాలి, వేరే ఎవరైనా ఎత్తితే మేం ఎవరిమని చెప్పాలి, ఇవన్నీ మొదటి రోజే కోఆర్డినేటర్‌కి చెప్పి రాయించుకోండి. వాట్సాప్‌లో మెసేజ్ పెట్టొద్దంటే పెట్టం.

భర్త వీర్య పరీక్ష కాకుండా మిమ్మల్ని ఏ స్టడీలో చేర్చుకుంటామన్నా ఒకసారి ఆగండి. లోపం ఎవరిలో ఉందో, ఇద్దరిలోనూ ఉందో చూడకుండా ఆడవాళ్ల ఒంటి మీద ప్రయోగం మొదలుపెట్టడం నాకు నచ్చదు. మంచి స్టడీల్లో ఆ రిపోర్ట్ అర్హతల్లోనే అడుగుతారు.

దాచకండి

చూర్ణాలు, కషాయాలు, పక్కింటావిడ చెప్పిన పౌడర్ సాచెట్లు. ఇవి వాడుతున్నారా అని అడిగితే "లేదు మేడమ్" అంటారు. తర్వాత బ్యాగులోంచి బయటపడతాయి. తిడతామని భయం. తిట్టం. కానీ స్టడీ మందుతో పాటు ఇంకోటి కడుపులోకి వెళ్తుంటే మీ లివర్ రిపోర్ట్ తేడా వచ్చినప్పుడు దేనివల్ల వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఇంకో హాస్పిటల్‌లో ఐయూఐకి (వీర్యాన్ని నేరుగా గర్భసంచిలోకి ఎక్కించే వైద్యం) పేరు రాయించుకున్నా చెప్పండి. పీరియడ్ నాలుగు రోజులు ఆలస్యమైనా వచ్చేదాకా చూద్దామని ఆగకండి, ఫోన్ చేయండి. కడుపులో బిడ్డ ఉందేమో తెలియకుండా స్టడీ మాత్ర మింగడం మంచిది కాదు.

మిమ్మల్ని చేర్చుకోలేదంటే అది మీ లోపం కాదు. బరువు ఎక్కువనో, థైరాయిడ్ ఉందనో, వయసు ఒక్క సంవత్సరం దాటిందనో పక్కన పెడతారు. లెక్క శుభ్రంగా ఉండాలని అలా చేస్తారు. ఏఎంహెచ్ (గుడ్ల నిల్వ అంచనా వేసే రక్త పరీక్ష) తక్కువుందని ఒక స్టడీలోంచి తీసేస్తే ఏడుస్తూ వెళ్లిన అమ్మాయిలున్నారు. 2017లో అమెరికాలో ఒక అధ్యయనం వచ్చింది. అంతకుముందు సంతాన సమస్య లేని, 30 నుంచి 44 ఏళ్ల వయసున్న 750 మంది. సహజంగా నెల తప్పే అవకాశం ఏఎంహెచ్ తక్కువున్నవాళ్లలో తగ్గినట్టు కనపడలేదు. ఐవీఎఫ్‌లో ఎన్ని గుడ్లు వస్తాయో అంచనా వేయడానికి ఆ పరీక్ష పనికొస్తుంది. తల్లి అవుతారో కారో చెప్పే జాతకం కాదు అది.

ఏదైనా జరిగితే

2019 రూల్స్ కింద జరిగే ట్రయల్‌లో మీ ఒంటికి హాని జరిగితే వైద్యం ఉచితంగా చేయాలి. ట్రయల్ వల్లే జరిగిందని తేలితే పరిహారం కూడా ఇవ్వాలి. సంతానం కోసం వచ్చేవాళ్లు ప్రత్యేకంగా తెలుసుకోవాల్సింది ఇంకోటుంది. తల్లి లేదా తండ్రి ట్రయల్‌లో ఉండటం వల్ల కడుపులో బిడ్డకి హాని జరిగితే, దాన్నీ ట్రయల్ వల్ల జరిగిన హానిగానే లెక్కిస్తారు. హాస్పిటల్‌లో చేరాల్సి వచ్చేంత పెద్ద సమస్య వస్తే ఇన్వెస్టిగేటర్, అంటే స్టడీ నడిపే డాక్టర్, 24 గంటల్లో పైకి రిపోర్ట్ చేయాలి. అది జరగాలంటే ముందు మాకు తెలియాలి కదా. రాత్రి పూట పొట్ట ఉబ్బి, ఊపిరి ఆడక, మూత్రం తగ్గిపోయి, మీ ఊళ్లో ఏదో నర్సింగ్ హోమ్‌లో చేరారనుకోండి. గుడ్ల కోసం ఇంజెక్షన్లు వాడినవాళ్లకి ఓహెచ్‌ఎస్‌ఎస్ (ఆ ఇంజెక్షన్లకి అండాశయాలు అతిగా ఉబ్బిపోవడం) వస్తే ఇలాగే ఉంటుంది. ముందు వైద్యం చేయించుకోండి, ఆ వెంటనే ఎవరితోనైనా మాకు ఫోన్ చేయించండి. ఫారం మీద డాక్టర్ నంబర్, ఎథిక్స్ కమిటీ నంబర్ రెండూ ఉంటాయి. ఫోన్లో సేవ్ చేసుకుని, సంతకం పెట్టకముందే ఒకసారి చేసి చూడండి. ఎత్తుతున్నారో లేదో తెలిసిపోతుంది.

ఎథిక్స్ కమిటీ అంటే హాస్పిటల్ మేనేజ్‌మెంట్ అనుకుంటారు. ఏడుగురికి తగ్గకుండా సభ్యులుండాలి, అందులో కనీసం సగం మంది ఆ సంస్థకి బయటివాళ్లై ఉండాలి. ఒక లాయర్, ఒక మామూలు మనిషి, కనీసం ఒక మహిళ ఉండాలి. డాక్టర్ మీద ఫిర్యాదు చెప్పుకోవాలంటే వాళ్లకే చెప్పాలి.

శాంపిళ్లు, ఎంబ్రియోలు

మీ రక్తం, గర్భసంచి పొర ముక్క ఈ స్టడీ అయ్యాక ఏం చేస్తారు? పారేస్తారా, ఫ్రీజర్‌లో పెట్టి ఇంకో స్టడీకి వాడతారా? దీనికి ఫారంలో విడిగా ఒక గడి ఉండాలి. స్టడీకి సరే అని, దీనికి వద్దు అనొచ్చు.

ఐవీఎఫ్‌లో మిగిలిన ఎంబ్రియోల (పిండాల) సంగతి చట్టంలోనే ఉంది. 2021లో ఐవీఎఫ్‌లాంటి వైద్యాల కోసం వచ్చిన ఏఆర్‌టీ చట్టం ప్రకారం 10 ఏళ్లకి మించి దాచకూడదు. ఆ తర్వాత వాటిని వదిలేయాలి, లేదా దంపతులు ఒప్పుకుంటే రిజిస్టర్ అయిన పరిశోధన సంస్థకి ఇవ్వొచ్చు. పరిశోధన పేరుతో దేశం దాటించడానికి వీల్లేదు. అమ్మడం నేరం. ఈ కాగితం మీద సంతకం గుడ్లు బయటికి తీసే (ఎగ్ పికప్) రోజు, మత్తు ఇచ్చే ముందు అడిగితే పెట్టకండి. మరో రోజు కూర్చుని, ఇద్దరూ కలిసి చదివి పెట్టండి.

మధ్యలో మానేయాలంటే

మానేయొచ్చు. కారణం చెప్పక్కర్లేదు. దానివల్ల మీ మామూలు వైద్యం ఆగకూడదు. కానీ ఫోన్ ఎత్తడం మానేసి మాయమైపోకండి. కొన్ని మందులు ఒక్కసారిగా ఆపకూడదు, ఆఖరి రక్త పరీక్ష ఒకటి చేయించుకుంటే మీకే మంచిది. ఒక్క మెసేజ్ చాలు. "మానేస్తున్నా మేడమ్" అని పెడితే మేం బతిమాలకూడదు, బతిమాలం కూడా. ఎవరైనా పదే పదే ఫోన్ చేసి రమ్మంటే ఎథిక్స్ కమిటీకి చెప్పండి.

స్టడీ చివరిదాకా ఉన్నవాళ్లకి ఒక మాట. అంతా అయ్యాక ఫలితం ఏమైందని మమ్మల్ని అడిగేవాళ్లు దాదాపు ఉండరు. మీకు ఏ మందు పడింది, ఏ గ్రూపు గెలిచింది అనేది గుట్టు విప్పాక చెప్పొచ్చు. రెండేళ్లు పట్టొచ్చు, అయినా అడగండి. రేపు రెండో బిడ్డ కోసం వేరే డాక్టర్ దగ్గరికి వెళ్తే, అప్పుడు ఏం వాడారని ఆవిడ అడుగుతుంది. ఆ పేరు కాగితం మీద రాయించుకుని పాత ఫైల్లో పెట్టుకోండి.